దాహాన్ని దాచుకోకండి!

"బస్సులో పోవాల గదమ్మా, నాకు నీళ్లొద్దులే!"

చిత్తూరులో పెళ్లికి బయల్దేరుతూ మా పక్కింటి అత్తమ్మ అన్న మాట ఇది. ఆమెకు పదేళ్లుగా షుగరు. తిరుపతి నుంచి చిత్తూరుకు దాదాపు డెబ్భై కిలోమీటర్లు. మే నెల ఎండ. దారిలో దిగాల్సి వస్తుందేమోనని పొద్దుటి నుంచీ గుక్కెడు నీళ్లు కూడా ముట్టలేదు. పెళ్లి పందిట్లో కళ్లు తిరిగి కూలబడింది. పరీక్ష చేయిస్తే షుగరు 340! "తీపి నోట్లో పెట్టలేదే!" అని ఆవిడ ఒకటే ఆశ్చర్యం. ముందే అదుపులో లేని షుగరుకు ఎండా, దాహమూ తోడయ్యాయి మరి.

మనలో ఎంతమందిమి ఇలా చేయడం లేదు చెప్పండి? ప్రయాణమన్నా, పెళ్లన్నా ఆడవాళ్లం ముందుగా మానేసేది నీళ్లే.

నీళ్లకూ షుగరుకూ ఏమిటి సంబంధం?

రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి. ఆ చక్కెర తనతోబాటు నీటినీ లాక్కుపోతుంది. ఊరికూరికే ఒంటికి పోవాల్సి రావడం, నోరు పిడచగట్టుకు పోవడం ఇందుకే. అంటే తప్పు నీళ్లది కాదు, షుగరుది. అది తెలియక నీళ్లు మానేస్తే ఏమవుతుంది? బెల్లం వండేచోట చెరకురసం కాగేకొద్దీ పాకం చిక్కబడడం మన జిల్లా వాళ్లకు కొత్త కాదు గదా! రక్తంలో నీరు తగ్గినా అంతే, చక్కెర చిక్కబడుతుంది. పైగా ఒంట్లో నీరు తగ్గితే వాసోప్రెసిన్ అనే హార్మోను పెరుగుతుంది. కాలేయం నుంచి మరింత చక్కెర విడుదల కావడానికి ఇదీ తోడ్పడుతుంది.

ఫ్రాన్సులో 3,615 మందిని తొమ్మిదేళ్లపాటు గమనించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు అర లీటరు కంటే తక్కువ నీళ్లు తాగేవారిలోనే రక్తంలో చక్కెర పెరగడం ఎక్కువగా కనిపించింది. అయితే అందుకు నీళ్లు తగ్గడమే కారణమని దీంతో రుజువు కాలేదు. కాబట్టి నీళ్లు మందుకు తోడే కానీ మందు కాదు. నీళ్లు తాగుతున్నాం కదా అని మాత్రలు, ఇన్సులిన్ మానేయకూడదు.

ఎంత తాగాలి? ఏం తాగాలి?

మామూలు రోజుల్లో ఆడవాళ్లకు ఎనిమిది గ్లాసులు, అంటే లీటరున్నర పైచిలుకు కావాలి. మన రాయలసీమ ఎండల్లో, పొయ్యి దగ్గర నిలబడి వంట చేసేవారికి రెండు లీటర్లు దాటినా తప్పులేదు. ఒక్కసారిగా చెంబెడు తాగకుండా, గంటకో గంటన్నరకో ఒక గ్లాసు తాగడం మంచిది. పొద్దున్నే లీటరు సీసా నింపి వంటింటి గట్టు మీద పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం వేళకు అది ఖాళీ కావాలి. సాయంత్రానికి మరొకటి. పడుకునే ముందు తగ్గించుకుంటే రాత్రి నిద్ర చెడదు.

దాహానికి మంచినీళ్లే మేలు. పల్చటి మజ్జిగలో అల్లం, కరివేపాకు వేసుకోవచ్చు. రక్తపోటు ఉంటే ఉప్పు తగ్గించండి. చెరకురసం, కూల్‌డ్రింకులు వద్దు. చిన్న కూల్‌డ్రింకు సీసాలోనే ఏడెనిమిది చెంచాల చక్కెర ఉంటుంది. శ్రీరామనవమి పానకంలోది బెల్లమే కదా అనుకోకండి, బెల్లమూ షుగరు పెంచుతుంది. గంగమ్మ జాతరలో తాగే రాగి అంబలిని నీళ్ల లెక్కలో కాక, తిండి లెక్కలో వేయండి.

జాగ్రత్త!

మూత్రపిండాల జబ్బు, గుండె బలహీనత ఉన్నవారు డాక్టరు చెప్పిన కొలత దాటి తాగకూడదు. షుగరు ఎక్కువగా ఉన్నప్పుడు ఒంట్లో నీరు తగ్గినా మూత్రం తెల్లగానే రావచ్చు, కాబట్టి రంగు చూసి ధైర్యపడకండి. ఎంత తాగినా దాహం తీరకపోయినా, వాంతులు, మగత, తికమక కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు మా అత్తమ్మ ఊరికి బయల్దేరితే సంచిలో మాత్రల డబ్బా పక్కనే నీళ్ల సీసా ఉంటుంది. బస్టాండులోనే ఒంటికి పోయి వచ్చి, దారిలో కాసిని కాసిని తాగుతుంది. "దిగాల్సొస్తే దిగుతా, సిగ్గెందుకు?" అంటుంది. ఇంట్లో అందరికీ నీళ్లందించేది మనమే. మన గ్లాసు కూడా మరచిపోకుండా నింపుకుందాం!