పద్దెనిమిది మంచు బండ్లు

రక్షణశాఖ పద్దులు చర్చకు వచ్చినప్పుడు పార్లమెంటులో యుద్ధవిమానాల పేర్లు, జలాంతర్గాముల లెక్కలు మారుమ్రోగుతాయి. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున కాపలా కాసే జవానుకు కిరోసిను డబ్బా, రొట్టెల మూట, తూటాల పెట్టె చేరవేసే బండిని గురించి గొంతెత్తే సభ్యులు అరుదు. విమానానికున్న వైభవం బండికి లేదు. కాని మంచుకొండల మీద యుద్ధం గెలిచినా ఓడినా దానికి తొలి కారణం సరఫరాయేనని సైనిక చరిత్ర తెలిసినవారెవరైనా ఒప్పుకుంటారు.

ఈ ప్రస్తావనకు సందర్భం లేకపోలేదు. 2025 చివరి మాసాల్లో భారత సైన్యం 18 మంచు బండ్ల కోసం లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీకి ఆర్డరు ఇచ్చింది. బండి అసలు పేరు బీవీఎస్-10. దాని పుట్టినిల్లు స్వీడన్ దేశంలోని హెగ్లండ్స్ కర్మాగారం. అది ఇప్పుడు బ్రిటిష్ సంస్థ బీఏఈ సిస్టమ్స్ అధీనంలో ఉంది. మన నేలకు, మన వాతావరణానికి అనుగుణంగా మార్చిన రూపానికి ‘సింధు’ అని నామకరణం చేశారు. లైసెన్సు మీద ఈ బండ్లు తయారు కావలసిన చోటు సూరత్ నగరానికి పడమట, తపతీ నది సముద్రంలో కలిసే ప్రాంతంలో ఉన్న హజీరా. బండ్లతోపాటు వాటి నిర్వహణకు కావలసిన సహాయం కూడా ఒప్పందంలో ఉన్నదని కంపెనీ ప్రకటించింది.

మంచు మొహమే ఎరుగని సూరత్‌లో మంచు బండి! విడ్డూరంగా తోచవచ్చు. సూరత్ అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది మరమగ్గం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాల తరబడి పొట్ట చేతపట్టుకుని వెళ్లి స్థిరపడిన ఊరు అది. నగరం నడిబొడ్డున ఖటోదరా పారిశ్రామికవాడ ఉంది. బట్టల మిల్లులు, చిన్న కార్ఖానాలు ఒకదాని నొకటి ఒరుసుకుని ఉండే పేట. అక్కడి నుంచి కొద్ది కోసుల దూరంలోనే హజీరా సాయుధ వాహన కర్మాగారం. 2019 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ దానిని జాతికి అంకితం చేశారు. దక్షిణ కొరియా సాంకేతిక సహాయంతో వజ్ర అనే స్వయంచాలిత శతఘ్నులు నూరింటిని అక్కడే తయారుచేసి 2021 ఫిబ్రవరి నాటికి సైన్యానికి అప్పగించారు. ఎడారి కోసం ఉద్దేశించిన ఆ శతఘ్నులలో కొన్నింటిని అదే సంవత్సరం లదాఖ్‌కు తరలించవలసి వచ్చింది. పర్వత యుద్ధానికని రూపొందించిన 25 టన్నుల తేలికపాటి ట్యాంకు ‘జొరావర్’ నమూనాను 2024 జూలైలో ఆవిష్కరించినదీ ఈ హజీరాలోనే. కాబట్టి ‘సింధు’ అక్కడికి దారి తప్పి రాలేదు.

ఇంతకూ ఈ బండి ప్రత్యేకత ఏమిటి? బురదలో నడవబోయే రైతు పలక వేసుకుని దాని మీద అడుగు వేస్తాడు. బరువు ఎక్కువ మేర పరచుకుంటే కాలు దిగబడదు. ట్యాంకు గొలుసు పట్టాల రహస్యమూ అదే. తన దారి తానే పరచుకుంటూ, తానే చుట్టుకుంటూ పోతుంది. అయితే 41 టన్నుల టీ-72 ట్యాంకు ఒక్కొక్క చదరపు సెంటీమీటరు నేల మీద సుమారు 0.8 కిలోల ఒత్తిడి మోపుతుంది. మంచు కోసం పుట్టిన బండ్లు మోపేది అందులో ఆరోవంతు. మనిషి మొలలోతు కూరుకుపోయే మెత్తని మంచు మీద కూడా అవి తేలికగా సాగిపోగలగడానికి కారణం ఇదే.

రెండవ చిక్కు మలుపు. మామూలు పట్టాల బండి మలుపు తిరగాలంటే ఒక పక్క పట్టాను బిగబట్టాలి. గట్టినేల మీద అది చెల్లుతుంది. మంచులో ఆ బిగబట్టిన పట్టా గొయ్యి తవ్వుతుంది, బండి తాను తవ్వుకున్న గోతిలో తానే పడుతుంది. స్వీడన్ ఇంజనీర్లు దీనికొక ఉపాయం పన్నారు. బండిని రెండు పెట్టెలుగా విడదీసి నడుమ కీలు పెట్టారు. నాలుగు రబ్బరు పట్టాలకూ ఇంజను శక్తి అందుతుంది. మలుపు వస్తే కీలు వంగుతుంది గాని ఏ పట్టా ఆగదు. ముందు పెట్టె అగాధపు అంచున తడబడితే వెనుక పెట్టె నెడుతుంది. వెనుకది చిక్కుకుంటే ముందుది లాగుతుంది. ఏరు అడ్డొస్తే రెండూ కలిసి ఈదుతాయి.

ఈ బండి వంశవృక్షం రెండవ ప్రపంచ యుద్ధం దగ్గర మొదలవుతుంది. జెఫ్రీ పైక్ అనే విచిత్ర స్వభావుడైన ఒక ఆంగ్లేయుడు 1942లో ఒక పథకం రచించాడు. జర్మన్ల ఆక్రమణలో ఉన్న నార్వేలో జలవిద్యుత్ కేంద్రాలను ధ్వంసం చేయడానికి మంచు మీద పరుగెత్తే బండ్లతో చిన్న దళాలను దింపాలన్నది అతని ఊహ. ఆ దాడి జరగనే లేదు. కాని దాని కోసం అమెరికాలో మోటారుకార్ల సంస్థ స్టూడిబేకర్ తయారుచేసిన ఎం-29 ‘వీజిల్’ మాత్రం మిగిలింది. సుమారు 15 వేల బండ్లు తయారయ్యాయి. మంచు కోసం పుట్టిన ఆ బండి 1944లో హాలండ్‌లోని వాల్కరెన్ బురదలోను, 1945లో ఇవో జిమా దీవి అగ్నిపర్వతపు బూడిదలోను పనికి వచ్చింది.

యుద్ధం ముగిసింది. అంతకంటె మేటి ఆయుధాలు ఎన్నో పాత ఇనుముగా కరిగిపోయాయి. వీజిల్ కరగలేదు. ధ్రువ పరిశోధకులు దానిని ఎగబడి కొన్నారు. 1949-52 నార్వే, బ్రిటన్, స్వీడన్ దేశాల ఉమ్మడి అంటార్కిటికా యాత్రను మోసినవి వీజిళ్లే. దీని దీర్ఘాయువుకు గల మర్మం గ్రహించదగినది. దాని ఇంజను ఆనాటి స్టూడిబేకర్ కారు ఇంజనే. ఏ పట్టణంలోని మెకానిక్కయినా దాని స్వభావం తెలుసు. విడిభాగాలకు కొదువ లేదు. కనుక యుద్ధంలో పుట్టిన బండి శాంతికాలంలోనూ బ్రతికింది.

స్వీడన్ కూడా అదే బాట పట్టింది. అరవయ్యవ దశకంలో బీవీ-202, ఆ తర్వాత 1980లో బీవీ-206 సైన్యానికి అందాయి. రెండవది పదకొండు వేలకు పైగా తయారై, నలభై దాకా దేశాలకు వ్యాపించింది. సైన్యాలే కాదు, రక్షకదళాలు, అంటార్కిటికా కేంద్రాలు దానిని వాడుకున్నాయి. కవచం తొడిగిన దాని వారసుడే బీవీఎస్-10. బ్రిటన్ నౌకాదళ సైనికులు ‘వైకింగ్’ పేరిట దానిని 2006లో అఫ్ఘనిస్తాన్‌లోని హెల్మండ్‌కు తీసుకువెళ్లారు. అక్కడ శత్రువు తుపాకితో కాక దారిలో పాతిన మందుపాతరతో ఎదురయ్యాడు. తేలికదనమే ప్రాణమైన బండికి ఆ తేలికదనమే గండమయింది. ఇంకా బరువైన కవచం గల సింగపూర్ బండిని దాని స్థానంలో ప్రవేశపెట్టారు. అయినా వైకింగ్‌ను పారవేయలేదు. 2012లో 99 బండ్లను బాగుచేయించి మళ్లీ సేవలోకి తీసుకునే ఏర్పాటు చేశారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లోనే జర్మనీ, స్వీడన్, బ్రిటన్ ఒక్కటై 436 కొత్త బండ్లకు ఆర్డరు ఇచ్చాయి. కవచం లేని రకాన్ని అమెరికా 110 కోరింది.

మన అవసరం వారికంటె తక్కువదా? 1948 నవంబరు 1న జోజిలా కనుమలో భారత సైన్యం చేసిన సాహసం ఈనాటికీ ఆశ్చర్యం గొల్పుతుంది. కంచర గాడిదలు నడిచే దారిని మద్రాసు శాపర్స్ దళం వెడల్పు చేయగా, పైభాగాలు విప్పి రహస్యంగా తరలించిన స్టువర్ట్ ట్యాంకులు పదకొండు వేల అడుగుల పైచిలుకు ఎత్తున, మంచు కురుస్తుండగా శత్రువు ఎదుట ప్రత్యక్షమయ్యాయి. జనరల్ తిమ్మయ్య వ్యూహం, కర్నల్ రాజిందర్ సింగ్ ‘స్పారో’ సారథ్యం లదాఖ్ దారిని తెరిచాయి. 1962లో ఏఎంఎక్స్ ట్యాంకులను విమానాల్లో చుషూల్‌కు చేర్చారు. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో సియాచిన్ మన కాపలాలోకి వచ్చింది. 2020లో చైనా సైన్యంతో ఘర్షణ తర్వాత టీ-72, టీ-90 ట్యాంకులు తూర్పు లదాఖ్ కొండలెక్కాయి. ప్రతిసారీ మైదానాల కోసం పుట్టిన యంత్రాన్ని మన జవాను తన తెగువతో కొండకు ఎక్కించాడు. తెగువ కొండంత ఉన్నదనేది నిర్వివాదం. యంత్రం లోటును తెగువతో పూడ్చడం ఎంతకాలమన్నదే ప్రశ్న.

2024 జూన్ 28 రాత్రి ఏమి జరిగిందో తెలుగు పాఠకులు మరచి ఉండరు. లదాఖ్‌లో సాసెర్ బ్రాంగ్సా సమీపాన శిక్షణ ముగించుకుని తిరిగివస్తున్న ఒక టీ-72 ట్యాంకు షయోక్ నదిలో చిక్కుకుంది. నీటిమట్టం ఉన్నట్టుండి పెరిగింది. అయిదుగురు సైనికులు మరణించారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ బిడ్డలు. ప్రకాశం, కృష్ణా, బాపట్ల జిల్లాలవారు. ట్యాంకు చేసే పని ట్యాంకుది, బండి చేసే పని బండిది. ‘సింధు’ ఉంటే ఆ ప్రాణాలు దక్కేవని అనడం అమాయకత్వం. అయినా మంచు కరిగి పొంగే నదుల మధ్య, ఊబి వంటి ఇసుక మధ్య మన పిల్లలు ఏ వాహనాల మీద తిరుగుతున్నారని అడిగే హక్కును ఆ మూడు ఇళ్ల దుఃఖం మన కిచ్చింది.

కొరత కొత్తది కాదు. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటుకు సమర్పించిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక సియాచిన్, లదాఖ్ ప్రాంతాల సైనికుల అవస్థను బయటపెట్టింది. మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం దాకా ఉన్నదని అందులో తేలింది. బూట్ల కొనుగోలులో జాప్యాన్ని కూడా ఆ నివేదిక ఎత్తిచూపింది. కళ్లద్దాలకే గతి లేనినాడు బండ్ల సంగతి ఎవరు పట్టించుకుంటారు?

ఆ స్థితి నుంచి 18 బండ్ల దాకా వచ్చామంటే సంతోషించవలసిందే. ఈ బండి మంచుతోపాటు కచ్ రణ్ లోని ఉప్పు బురదలో కూడా నడవగలదన్నది ఇంకొక ఆకర్షణ. అయితే 18 అన్న సంఖ్య వద్ద ఒక్క క్షణం ఆగాలి. వీజిల్ బ్రతికింది వేల సంఖ్యలో తయారు కాబట్టి. బీవీ-206 బ్రతికింది ఊరూరా దానిని విప్పి బిగించగల చేతులు ఉన్నాయి కాబట్టి. పద్దెనిమిదింటిని లదాఖ్‌కూ కచ్‌కూ పంచితే ఒక్కొక్క చోటికి దక్కేది గుప్పెడు. పదహారు వేల అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం మీద ఉన్నదానిలో సగానికి కాస్త పైన; ఇంజను ఆయాసపడుతుంది. చలికి డీజిలు గడ్డ కడుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది, రబ్బరు బిరుసెక్కుతుంది. మూడు బండ్లలో ఒకటి నిత్యం మరమ్మతులో ఉంటుందనుకుంటే పనిచేసేవి పన్నెండే. ఒక పట్టా తెగితే కొత్తది స్వీడన్ నుంచి రావాలా, సూరత్ నుంచి రావాలా? బండి ఆయుర్దాయం ఈ సమాధానంలో ఉంది.

తయారీని ఇంటికి తెచ్చుకోవడమంటే విదేశం నుంచి వచ్చిన పెట్టెలు విప్పి మరలు బిగించడం కాదు. రబ్బరు పట్టా, కీలు, వేడి చేసే సరంజామా, చలికి తట్టుకునే గొట్టాలు ఇక్కడే తయారు కావాలి. ఖటోదరా వంటి వాడల్లోని చిన్న కార్ఖానాలకు, గట్టి నూలును నేయగల నేర్పరులకు ఇందులో పాలు దొరకాలి. పెద్ద కంపెనీ గుమ్మం దాకా వచ్చిన విద్య పక్క వీధికి దిగకపోతే అది దేశీయ పరిశ్రమ అనిపించుకోదు. మన మెదక్ కర్మాగారమే ఇందుకు దృష్టాంతం. 1984లో ఏర్పడిన ఆ ఆయుధ కర్మాగారం రష్యన్ నమూనా బీఎంపీ-2ను ‘శరత్’గా దశాబ్దాలపాటు తయారుచేసింది, నీటిలో ఈదగల ఆ పట్టాల బండి సైన్యంలో పాతుకుపోయిందంటే ఎడతెగని ఆర్డర్లు, దేశంలోనే దొరికే భాగాలు అందుకు కారణం. విప్పి బిగించగల చేతులు మనకు మెదక్‌లో ఉన్నాయి, ఆవడిలో ఉన్నాయి, హజీరాలో ఉన్నాయి. వాటిని కలపగల విధానమే కొరవడింది.

శాంతికాలపు వినియోగాన్నీ మరువరాదు. అంటార్కిటికాలోని మైత్రి, భారతి కేంద్రాలలో మన శాస్త్రజ్ఞులు జర్మనీ మంచు బండ్ల మీద ఆధారపడుతున్నారు. హిమపాతాల్లో చిక్కుకున్న గ్రామస్థులను కాపాడటానికి, వరదల్లో మునిగిన లంక గ్రామాలకు చేరటానికి ఈదగల పట్టాల బండి అక్కరకు వస్తుంది. గోదావరి వరదల్లో పడవ కోసం ఎదురుచూపులు చూసిన తెలుగువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. సైన్యం, శాస్త్ర పరిశోధన, విపత్తు నివారణ శాఖలు మూడూ ఒక్క గిరాకీగా కలిస్తే పద్దెనిమిది కాస్తా కొన్ని వందలవుతుంది. అప్పుడే విడిభాగాల పరిశ్రమకు ఊపిరి.

ఈ పొత్తు కుదర్చగలవారు మంత్రులు. మంత్రులను కదిలించగలది సభ. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది సభ్యులున్నారు. ‘సింధు’లో దేశంలో తయారయ్యే భాగమెంత, విడిభాగాలు ఎక్కడ నిల్వ చేస్తారు, మెదక్ కర్మాగారానికి ఇందులో పాత్ర ఉందా, పద్దెనిమిది తర్వాత ఎన్ని? ఒక్క నక్షత్రపు గుర్తు ప్రశ్నలో ఇమడగల విషయాలివి. షయోక్ నది మింగిన అయిదుగురిలో ముగ్గురు మనవారే గనుక ఆ ప్రశ్న అడగవలసిన మొదటి గొంతు తెలుగు సభ్యునిది కావడం న్యాయం.