ఒక నామం, అనేక రూపాలు

"మౌల్వీ సాబ్, మనం ఈసా (అ) అంటాం, పక్కింటివారు యేసు అంటారు. పేరు మార్చిందెవరు?" అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. మన ఇళ్ళలో పిల్లల నోట తరచు వినిపించే ప్రశ్నే ఇది. 'వారే మార్చారు' అని తేల్చివేయడం సులభం. చరిత్ర మాత్రం అలా చెప్పడం లేదు.

మర్యమ్ కుమారుని కాలంలో పాలస్తీనా ప్రజలు ఆ పేరును 'యేషూఅ' అని పలికేవారు. గ్రీకు భాషలో 'ష' ధ్వని లేదు. చివరనున్న 'ఐన్' కూడా లేదు. పురుష నామాలకు చివర 'స్' చేర్చడం ఆ భాషా సంప్రదాయం. కనుక అక్కడ 'ఇయేసూస్' అయింది. లాటిన్ దానినే స్వీకరించింది.

మధ్యయుగ ఐరోపాలో లేఖకులు ఈ నామాన్ని మొదటి మూడు గ్రీకు అక్షరాలతో సంక్షిప్తంగా రాసేవారు. వాటిలో రెండవది 'ఏ' అనే అచ్చు. ఆకారంలో మాత్రం లాటిన్ 'హ'కారాన్ని పోలి ఉంటుంది. దానిని హకారంగానే భావించి 'ఇహేసుస్' అని విస్తరించి రాసిన ప్రతులు అనేకం. ఐర్లండ్‌వారు 'ఈసు' అన్నారు. ప్రాచీన ఆంగ్లంలో తరచు పేరుకు బదులు రక్షకుడనే అర్థంలో 'హేలెండ్' అనే బిరుదునే వాడారు. 1611 నాటి ఆంగ్ల బైబిలులో సైతం ఈ నామం 'జె'తో కాక 'ఐ' అక్షరంతోనే అచ్చయింది.

అక్షరభేదం ఒక్కోసారి విషాదానికీ దారి తీసింది. రష్యాలో 1650ల నాటి సంస్కరణలలో మతాధిపతి నీకోన్, 'ఇసుస్' అన్న రూపాన్ని గ్రీకుకు అనుగుణంగా 'ఇఇసుస్' అని మార్పించాడు. ఇలాంటి మార్పులను నిరాకరించినవారిని 1666-67 నాటి మహాసభ బహిష్కరించింది. వారి నాయకుడు అవ్వకూమ్‌ను 1682లో సజీవదహనం చేశారు.

దివ్య ఖుర్‌ఆన్ ఆ ప్రవక్తను 'ఈసా' అనే పేరుతో 25 చోట్ల ప్రస్తావించింది. అదే అరబీ మాట్లాడే క్రైస్తవులు 'యసూఅ' అంటారు. ఉచ్చారణలోని భేదం భాషల ప్రయాణం మిగిల్చిన జాడ మాత్రమే. విశ్వాసంలోని భేదం వేరు. ఆయన దైవప్రవక్త, దైవదాసుడు అన్నది మన విశ్వాసం. దానిని మనం దాచనవసరం లేదు. అయితే పొరుగువారి నోట పలికే నామాన్ని వెక్కిరించే హక్కు మనకెక్కడిది? పేర్లతో ఎగతాళి చేయడాన్ని హుజురాత్ సూరా స్పష్టంగా వారించింది.

మా విద్యార్థికి ఇదే చెప్పాము: "బాబూ, పేరును ఎవరూ దొంగిలించలేదు. ఎవరి నాలుకకు వచ్చినట్లు వారు పలికారు. నువ్వు మాత్రం ఏ రూపంలో విన్నా అదబుతో విను."