కోడిగుడ్డు అడిగితే ఫ్రెంచి అనుకున్నది!

అయిదు వందల ఏళ్ళకు పైబడిన మాట. కొందరు వర్తకులు థేమ్సు నదిలో ఓడ ఎక్కి హాలండు వైపు బయలుదేరారు. గాలి లేక ఓడ కదలలేదు. కెంటు తీరాన దిగి, ఆకలి తీర్చుకుందామని ఒక ఇంటికి వెళ్ళారు. వారిలో ఒకాయన ఇల్లాలిని 'ఎగ్స్' అడిగాడు. తనకు ఫ్రెంచి భాష రాదన్నది ఆవిడ! వర్తకుడికి ఒళ్ళు మండింది. అతనికి మాత్రం ఫ్రెంచి వస్తే కదా? ఇంతలో మరొకాయన కలగజేసుకుని 'ఐరెన్' కావాలన్నాడు. ఆవిడకు వెంటనే అర్థమయింది.

ఈ ముచ్చట చెప్పినవాడు ఇంగ్లండులో మొట్టమొదటి అచ్చుయంత్రం పెట్టిన విలియం కాక్స్‌టన్. 1490లో తాను అచ్చు వేసిన ఒక పుస్తకం పీఠికలో దీనిని చెప్పి, ఇలాంటప్పుడు ఏ మాటను అచ్చు వేయాలో తోచడం లేదని వాపోయాడు. ఐరెన్ పాత ఇంగ్లీషు మాట. ఎగ్ అనేది ఉత్తర ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియా వారి నుంచి వచ్చింది. చివరకు వచ్చిన మాటే నిలిచింది, ఉన్న మాట పోయింది.

మనం బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు ఒక్కటే గనుక, ఇంగ్లండులో అందరూ అదే మాట్లాడతారనుకుంటాం. అక్కడ దిగి రొట్టె కొనబోతే గాని అసలు సంగతి తెలియదు.

ఒక రొట్టె, ఆరు పేర్లు

అరచేతిలో ఇమిడే గుండ్రని రొట్టె ఒకటి ఉంది. లాంకషైరులో దాన్ని 'బార్మ్' అంటారు. బార్మ్ అంటే బీరు తయారయ్యేటప్పుడు పైకి తేలే పులిసిన నురుగు. పూర్వం దానినే పిండిలో కలిపి పొంగించేవారు. నాటింగ్‌హాములో అదే రొట్టె 'కాబ్'. కోవెంట్రీలో 'బ్యాచ్'. స్కాట్లండులో 'బాప్'. యార్క్‌షైరులో కొన్ని ఊళ్ళలో 'బ్రెడ్‌కేక్', మరికొన్ని ఊళ్ళలో 'టీకేక్'. అయితే ఇతర ప్రాంతాల్లో టీకేక్ అడిగితే ఎండుద్రాక్ష వేసిన తీపి రొట్టె చేతికిస్తారు!

మనకిది వింతేమీ కాదు. ఒకరి సొరకాయ మరొకరికి ఆనపకాయ. గుంటూరు వారి గోంగూర తెలంగాణలో పుంటికూర.

భోజనం పేరుతోనూ చిక్కే. ఉత్తరాది శ్రామిక కుటుంబాల్లో 'డిన్నర్' మధ్యాహ్న భోజనం. సాయంకాల భోజనం 'టీ'. దక్షిణాది చుట్టాన్ని వారు "టీకి రండి" అని పిలిస్తే, పాపం అతగాడు ఇంటివద్ద కడుపునిండా తిని మరీ వస్తాడు.

ఇక 'స్కాన్' అనాలా, 'స్కోన్' అనాలా అన్న వివాదం ఒకే ఇంట్లో భార్యాభర్తల మధ్య కూడా తెగదు. దాని మీద డెవన్ వారు ముందు మీగడ రాసి పైన జామ్ వేస్తారు. పక్కనే ఉన్న కార్న్‌వాల్ వారు ముందు జామ్ వేసి ఆపైన మీగడ. ఎవరి పద్ధతి వారికి వేదం.

నేలనుబట్టి తిండి

ఈ తేడాలకు కారణం చాలావరకు నేలలోనే ఉంది. ఉత్తరాన చలి, తడి ఎక్కువ. గోధుమ కంటే ఓట్సు బాగా పండుతుంది, మన మెట్ట ప్రాంతాల్లో జొన్న, రాగి పండినట్లు. అందుకే యార్క్‌షైరు, లాంకషైరు ఇళ్ళలో ఓట్సుపిండి, బెల్లపు పాకం వంటి ట్రీకిల్, అల్లం కలిపిన 'పార్కిన్' చేసి, నవంబరు 5న భోగిమంటల్లాంటి మంటలు వేసుకునే రాత్రి తింటారు. యార్క్‌షైరు పుడ్డింగును ముందుగా వడ్డించడంలోనూ గృహిణి నేర్పు ఉంది. దానితో సగం కడుపు నిండితే, ఖరీదైన మాంసం కొంచెమే ఉన్నా అందరికీ సరిపోతుంది!

ఎవరిది అసలైన ఉచ్చారణ?

లండను వారు 'బాత్' అని దీర్ఘం తీస్తే, ఉత్తరాది వారు 'బ్యాత్' అని పొట్టిగా పలుకుతారు. 'కప్'ను 'కుప్' అంటారు. వినేవారు మోటు అనుకుంటారు గాని, ఈ రెండూ పాత పలుకుబడులే. మారింది దక్షిణాది వారు. 'కార్'లోని రకారాన్ని మింగేసిందీ వారే. స్కాట్లండులోను, సామర్సెట్ పల్లెల్లోను ముసలివారు దాన్ని మనలాగే పలుకుతారు.

అయినా బడీ రేడియో దక్షిణాది పెద్దింటివారి పలుకునే పీఠం ఎక్కించాయి. 1941లో యార్క్‌షైరు వాడైన విల్‌ఫ్రెడ్ పికిల్స్‌ను బి.బి.సి. వార్తలు చదవడానికి నియమించింది. ఆ యాసలో చదివితే వార్త నమ్మబుద్ధి కావడం లేదని ఫిర్యాదులు వచ్చాయి! వార్త అదే, మాటలు అవే. పలుకు ఒక్కటే వేరు.

ఈ చిన్నచూపుకు జవాబుగా నిలిచింది జోసెఫ్ రైట్ జీవితం. ఆయన యార్క్‌షైరు పేదింటి బిడ్డ. ఆరేళ్ళకే రాతిగనిలో గాడిదబండి తోలాడు, తరువాత మిల్లులో చేరాడు. పదిహేనేళ్ళ వరకు అక్షరం రాదు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల యుద్ధవార్తలను తోటి పనివాడు చదువుతుంటే విని, తానూ చదువుకోవాలని పట్టుబట్టాడు. 1901లో ఆక్స్‌ఫర్డులో మాక్స్ ముల్లర్ తరువాత ఆ భాషాశాస్త్ర పీఠం ఆయనదే అయింది. అంత ఎత్తు ఎదిగినవాడు చేసిన మహాకార్యమేమిటి? తన తల్లి మాట్లాడినటువంటి పల్లె మాటలన్నిటికీ ఆరు సంపుటాల నిఘంటువు! అది 1898 నుంచి 1905 దాకా వెలువడింది.

ఆ బాటలోనే లీడ్స్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఆర్టన్ 1950 నుంచి 1961 దాకా 313 ఊళ్ళలో పల్లె మాటలు సేకరింపజేశాడు. ప్రశ్నలు 1,300కు పైనే. అడిగేవారు మాటను తమ నోట రానివ్వకుండా, వస్తువును చూపో వర్ణించో, "దీన్ని మీరేమంటారు?" అని అడగాలి. జవాబు చెప్పినవారిలో ఎక్కువమంది వయసు మళ్ళిన రైతులు. జీవితంలో మొదటిసారిగా, చదువుకున్నవాడొకడు తమ మాట దిద్దకుండా రాసుకుంటూంటే వారికెలా ఉండి ఉంటుందో ఊహించండి.

అప్పటి పనిముట్ల పేర్లు చాలామట్టుకు పనిముట్లతోబాటే పోయాయి. బార్మ్, కాబ్ మాత్రం నేటికీ నిలిచి ఉన్నాయి. రోజూ తినేదానికి అమ్మ పెట్టిన పేరు అంత తొందరగా పోదు మరి. ఈసారి మీ ఇంటికి వచ్చిన కొత్తకోడలు ఆనపకాయ అన్నా, పుంటికూర అన్నా నవ్వకండి. ఆ మాట వెనక ఎన్ని తరాల వంటిల్లు ఉందో అడిగి తెలుసుకోండి. కూర కూడా రుచిగానే ఉంటుంది!