గణితమునకు తత్త్వవిచార మేల?

తత్త్వశాస్త్రమనగా వృద్ధులు తీరిక వేళ చెప్పుకొను వేదాంతమనియు, గణితమనగా పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టు లెక్కలనియు, ఈ రెంటికిని ఎట్టి పొత్తును లేదనియు పెక్కుమంది విద్యార్థులు తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. లెక్క చేయువాడు సూత్రమేదియని యడుగును. తత్త్వవిచారము చేయువాడు ఆ సూత్రమేల నిజమని యడుగును. రెండవ ప్రశ్న లేనిచో మొదటిదానికి పునాది లేదు.

పన్నెండు బస్తాల మిరపకాయలను నలుగురికి పంచినచో తలకు మూడు వచ్చును. మరి సున్న మందికి పంచినచో? ఇది పిల్లల వేళాకోళము వలె కానవచ్చును గాని, మన దేశపు మహాగణితజ్ఞులను ఐదు శతాబ్దములు ఆలోచింపజేసిన ప్రశ్న. 628లో బ్రహ్మగుప్తుడు సున్నను ఒక సంఖ్యగా గ్రహించి, దానిని కూడుటకును తీసివేయుటకును హెచ్చించుటకును నియమములు చెప్పెను. సున్నను సున్నచే భాగించిన సున్నయే వచ్చుననెను. సుమారు 850లో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున, సున్నచే భాగింపబడిన సంఖ్య మారక యుండునని వ్రాసెను. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు అట్టి లబ్ధమునకు ఖహరమని పేరిడి, అది అనంతమని చెప్పి, ఎన్ని జీవులు లీనమైనను మార్పునొందని అచ్యుతునితో దానిని పోల్చెను.

వీరిలో మహావీరుని గ్రంథమునే మన పావులూరి మల్లన తెలుగు పద్యములుగా రచించెను. ఆయన 11వ శతాబ్దివాడని పలువురు పండితుల అభిప్రాయము. లెక్కల పుస్తకము తెలుగువారికి అంత పూర్వమే లభించుట మనము గర్వింపదగిన విషయము.

ముగ్గురు ఆచార్యులు మూడు తీరుల చెప్పిరి. వీరి పెద్దరికమునుబట్టి తీర్పు చెప్పవలెనా? కాదు. “భాగించుట యననేమి?” అని మొదట అడుగవలెను. లబ్ధమును భాజకముచే హెచ్చించినచో తిరిగి భాజ్యము రావలెను. ఇదియే భాగహారమునకు అర్థము. పన్నెండును సున్నచే భాగించి ఏ సంఖ్యను తెచ్చినను, దానిని సున్నచే హెచ్చించిన సున్నయే గాని పన్నెండు రాదు. సున్నను సున్నచే భాగించినచో అన్ని సంఖ్యలును సరిపోవును గావున నిశ్చయమైన యుత్తరమే లేదు. అందుచేత నేటి అంకగణితమున సున్నచే భాగించుట నిషిద్ధము. ఈ నిషేధము గురువు బెత్తమువలన వచ్చినది కాదు. మాట యొక్క అర్థమును విచారించుటవలన వచ్చినది.

మాటలను విడదీసి చూచుటయు తత్త్వశాస్త్రపు పనియే. నాగార్జునకొండ పేరున నేటికిని నిలిచియున్న ఆచార్య నాగార్జునుడు శూన్యతను బోధించెను. వస్తువులకు ఇతరముల నాశ్రయింపని స్వతంత్ర స్వభావము లేదని దాని భావము. లెక్కలోని శూన్యమో, ఒక సంఖ్య. మాట యొక్కటియైనంత మాత్రమున విషయ మొక్కటి కాదు.

ఇతర శాస్త్రములలోను ఇట్టి ప్రశ్నలే కలవు. గుంటూరు మిరపయార్డులో వర్తకుడు మచ్చు చూచి బస్తా ధర నిర్ణయించును. గుప్పెడు కాయలు బస్తాయంతటికిని సాక్ష్యము చెప్పగలవా? చూచినదానినిబట్టి చూడనిదానిని ఎంతవరకు నమ్మవచ్చును? ఇది తత్త్వవేత్తల ప్రాచీన ప్రశ్న. సంఖ్యాశాస్త్రమున కిదియే ప్రాణము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు (1920–2023) 1945లో ప్రచురించిన వ్యాసమున, మచ్చునుబట్టి పక్షపాతము లేకుండ కట్టు అంచనా ఎంత నిష్కృష్టముగా నుండగలదో దానికొక హద్దు కలదని నిరూపించిరి. మన జ్ఞానపు హద్దును లెక్కగట్టుటకంటె గణితము తత్త్వమునకు చేయగల సేవ యేమున్నది? ఆ పరిషత్తునకే 1931 మొదలు 1936 వరకు తత్త్వశాస్త్రాచార్యులైన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపాధ్యక్షులుగా నుండిరి.

చరిత్ర చదువువాడు శాసనమును చూచి, “దీనిని వ్రాయించిన దెవరు? ఏల నమ్మవలెను?” అని యడుగును. వైద్యుడు, “మందు పుచ్చుకొన్న పిమ్మట జ్వరము తగ్గినది, మందువలననే తగ్గినదా?” అని యడుగును. ప్రమాణమేది, కారణమేది యను ఈ ప్రశ్నలు ఏ యొక్క శాస్త్రపు సొత్తును గావు.

కావున బాలబాలికలారా, సూత్రములను కంఠస్థము చేయుడు, అది యవసరమే. కాని అంతటితో నాగకుడు. ప్రతి సూత్రమును “ఏల?” యని యొకమారు ప్రశ్నింపుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ యింట నట్లడిగినచో విసుగుకొనకుడు. ఆ ప్రశ్నయే విద్యకు ద్వారము.