మేతలో మార్పు – పశువు బరువు

వేసవిలో ఎముకలు తేలిన ఎద్దు తొలకరి పచ్చికపై కొద్ది వారాలు మేసి మళ్లీ కండ పట్టడం పల్లెలో పుట్టిన ప్రతివారూ చూసినదే. అయితే పచ్చిక మేయసాగిన మొదటి రోజులలో అదే ఎద్దును తూచితే, బరువు పెరగడానికి బదులు తగ్గినట్లు కనిపించవచ్చు. ఈ వింతకు కారణం దాని కడుపులోనే ఉన్నది.

నెమరువేసే పశువు పొట్టలో నాలుగు అరలు కలవు. వాటిలో అతి పెద్దదైన రూమెన్ ఎదిగిన పశువులో 100 లీటర్లకు పైగా పడుతుంది. జీర్ణకోశంలోని మేత, నీరు కలిసి మొత్తం బరువులో సుమారు 10 నుండి 20 శాతం వరకు ఉంటాయి. వరిగడ్డి, జొన్నచొప్ప వంటి ముతక మేత ఆ అరలో చాలాసేపు నిలుస్తుంది. లేత పచ్చిక త్వరగా జీర్ణమై ముందుకు సాగుతుంది. కనుక మేత మారగానే మొదట మారేది కడుపులోని సరుకే గాని కండ కాదు.

కండ పెరగడం రూమెన్‌లోని సూక్ష్మజీవులపై ఆధారపడి ఉన్నది. పీచును పులియబెట్టి పశువుకు శక్తినిచ్చేవి అవే. మేతలో మాంసకృత్తులు దాదాపు 7 శాతానికి తగ్గితే వాటి పని మందగిస్తుంది. వరిగడ్డిలో ఉండేది 3 నుండి 5 శాతమే. అందువల్ల ఎదుట గడ్డివామి ఉన్నా పశువు తగినంత మేయలేక, తన ఒంటి కొవ్వును, కండను కరగించుకుంటుంది. ఎండుగడ్డితోపాటు కొంత వేరుసెనగ చెక్క గాని, పిల్లిపెసర మేత గాని పెడితే ఈ నష్టం చాలవరకు తగ్గుతుంది. కొత్త మేతకు ఆ సూక్ష్మజీవులు అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది కనుక మార్పు క్రమంగా జరగవలె.

ఈ భేదం తెలియని రైతు సంతలో నష్టపోతాడు. 30 లీటర్ల నీరు తాగిన ఎద్దు 30 కిలోలు అధికంగా తూగుతుంది. కొన్నవాడికి దక్కేది నీళ్లే. గడ్డితో ఉబ్బిన పొట్టను చూసి పుష్టి అని భ్రమించేవారూ ఉన్నారు.

సెలవులకు ఇంటికి వెళ్లే విద్యార్థి మిత్రులు ఒక చిన్న పని చేయవచ్చు. ఉదయం మేతకు, నీటికి వదలకముందు, ముందుకాళ్ల వెనుకగా పశువు ఛాతీ చుట్టుకొలతను టేపుతో కొలిచి, పదిహేను రోజులకొకసారి వ్రాసి ఉంచవలె. పొట్ట పూటకొక తీరుగా ఉంటుంది. ఛాతీ కొలత అంత త్వరగా మారదు. పశువు నిజంగా కోలుకుంటున్నదో లేదో ఆ అంకెలే తెలుపుతాయి.