పట్టా చేతికొచ్చాక మొదలయ్యే చదువు

మన వసతి గృహంలో చదివి ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, ఇంజనీరింగులలో ఎలక్ట్రికల్ బ్రాంచి తీసుకున్నవారు చాలామంది ఉన్నారు. "ఎలక్ట్రికల్ చదివినా ఉద్యోగం లేదు" అని వారంటారు. "పని తెలిసినవారు దొరకడం లేదు" అని విద్యుత్ రంగంలోని పెద్దలంటారు. రెండు మాటలూ నిజమే. ఈ రెంటికీ మధ్య ఉన్న లోటు శిక్షణ. దాని గురించి మాకు తెలిసినంతలో ఇక్కడ వివరిస్తున్నాము.

విద్యుత్తును పెద్ద ఎత్తున నిల్వ చేయడం ఖర్చుతో కూడిన పని. అందుచేత వాడకం ఎంతో ఉత్పత్తి కూడా అనుక్షణం అంతే ఉండాలి. ఆ తూకం కుదిరిందనడానికి గుర్తు ఫ్రీక్వెన్సీ. మన దేశంలో అది 50 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. 2012 జూలై 30, 31 తేదీల్లో గ్రిడ్ కుప్పకూలినప్పుడు, రెండో రోజున సుమారు 60 కోట్ల మంది నివసించే ప్రాంతాలకు కరెంటు పోయింది. అటువంటి సమయంలో కంట్రోల్ రూములో ఉన్న ఇంజనీరుకు పుస్తకం తిరగేసే వ్యవధి ఉండదు.

అందుకే కొత్త ఇంజనీరుకు శిక్షణ మూడు దశల్లో సాగుతుంది. మొదటిది తరగతి గది. రెండవది సిమ్యులేటర్. ఇది కంట్రోల్ రూముకు నకలు. బాయిలర్ ఆగిపోయినట్లు, టర్బైన్ ట్రిప్ అయినట్లు ఇందులో కల్పించి సాధన చేయిస్తారు. తప్పు చేసినా యంత్రానికి నష్టం ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలోని జాతీయ విద్యుత్ శిక్షణ సంస్థ ఇటువంటి శిక్షణ ఇస్తుంది. దాని ప్రధాన కార్యాలయం ఫరీదాబాద్‌లో, దక్షిణాదిన ఒక కేంద్రం నైవేలిలో ఉన్నాయి. మూడవది అనుభవజ్ఞుల పక్కన షిఫ్టు డ్యూటీ. సీనియర్లు రిటైరయ్యేలోగా ఈ మూడవ దశ జరగకపోతే వారి అనుభవం వారితోనే వెళ్ళిపోతుంది.

ఒక్క ఉదాహరణ చాలు. లైను మీద పని చేసే ముందు 'లైన్ క్లియర్' తీసుకోవాలి. సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపించి, పని చేసే చోట కరెంటు లేదని పరీక్షించి, లైనును ఎర్త్ చేయాలి. సరఫరా ఆపాక ఎర్త్ ఎందుకని కొందరికి సందేహం. ఎవరి జనరేటర్ నుంచో కరెంటు వెనక్కి రావచ్చు. పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. స్తంభం మీద అదే ప్రాణం. స్తంభాలెక్కేది ఎక్కువగా మనలాంటి ఇళ్ళ పిల్లలే కనుక ఈ సంగతి మనకు మరీ ముఖ్యం.

మరి శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఐ.టి.ఐ. వారికి దారి చూపింది. 1973 సవరణతో డిగ్రీ, డిప్లొమా ఇంజనీర్లకూ అవకాశం వచ్చింది. వీరికి సాధారణంగా ఏడాది పాటు స్టైపెండుతో పని నేర్పుతారు. డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. బి.టెక్. వారికి గేట్ ఉంది. ఎన్.టి.పి.సి., పవర్ గ్రిడ్ వంటి సంస్థలు గేట్ మార్కుల ఆధారంగా ట్రైనీలను తీసుకుంటున్నాయి.

విద్యుత్ శాఖలో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. అధికారుల అనుమతి తీసుకుని ఏటా ఒక్కసారైనా మన తమ్ముళ్ళకు సబ్‌స్టేషన్ చూపించండి. బ్రేకరు, రిలే, ఐసోలేటరు కళ్ళారా చూసిన విద్యార్థి ఇంటర్వ్యూలో తడబడడు, రేపు లైను మీద తొందరపడడు.