పుట్టినరోజు ఒక రోజు వెనక్కి ఎందుకు పోతుంది?

ఒక ఉద్యోగానికి ఆన్‌లైన్ అప్లికేషన్ అనుకోండి. 2001 జులై 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే అర్హులు. మీరు పుట్టింది సరిగ్గా జులై 1న. ఫారంలో అదే సెలెక్ట్ చేశారు, స్క్రీన్ మీద కూడా అదే కనిపించింది. సబ్మిట్ కొట్టాక వచ్చిన పీడీఎఫ్‌లో మాత్రం జూన్ 30! ఒక్క రోజు తేడాతో అర్హత పోయింది, టెన్త్ మెమోతోనూ మ్యాచ్ అవ్వదు. ఇందులో మీ తప్పేం లేదు, తప్పంతా కోడ్‌లోనే ఉంది.

జావాస్క్రిప్ట్‌లో డేట్ ఆబ్జెక్ట్ పేరుకే డేట్. లోపల ఉండేది ఒక్క నంబర్: 1970 జనవరి 1, యూటీసీ 00:00 నుంచి లెక్కపెట్టిన మిల్లీసెకన్లు. అంటే అది తారీఖు కాదు, ఒక క్షణం.

చాలా క్యాలెండర్ లైబ్రరీలు మీరు ఎంచుకున్న రోజుని 'జులై 1, మన టైమ్ 00:00' అనే క్షణంగా మారుస్తాయి. మనం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం కదా, అక్కడ అప్పటికింకా జూన్ 30 సాయంత్రం 6:30. టు ఐఎస్ఓ స్ట్రింగ్ ఫంక్షన్ వాడితే సర్వర్‌కి వెళ్లేది అదే. మన బ్రౌజర్ దాన్ని మళ్లీ మన టైమ్‌లోకి మార్చి జులై 1 అనే చూపిస్తుంది. అందుకే టెస్టింగ్‌లో దొరకదు. యూటీసీలో నడిచే సర్వర్ పీడీఎఫ్ తయారుచేసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. '2001-07-01' అనే టెక్స్ట్‌ని నేరుగా డేట్‌కి ఇస్తే, దాన్ని యూటీసీ 00:00గా తీసుకుంటుంది. మన దగ్గర జులై 1 ఉదయం 5:30 కాబట్టి రోజు మారదు. అదే పేజీని డాలస్‌లో ఉన్న మీ అక్క తెరిస్తే జూన్ 30 రాత్రి 7 గంటలు!

మరేం చేయాలి? ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది క్షణమా, తారీఖా? పేమెంట్ అయిన టైమ్, మెసేజ్ పంపిన టైమ్ క్షణాలు. వాటిని యూటీసీలో సేవ్ చేసి, చూపించేటప్పుడు యూజర్ టైమ్‌జోన్‌లోకి మార్చండి. పుట్టినరోజు, సెలవు రోజు తారీఖులు. వాటికి టైమ్‌జోన్ అంటగట్టొద్దు. హెచ్‌టీఎంఎల్ డేట్ ఇన్‌పుట్ ఇచ్చే టెక్స్ట్‌ని అలాగే పంపి, డేటాబేస్‌లో డేట్ టైప్ కాలమ్‌లో పెట్టండి. మధ్యలో డేట్ ఆబ్జెక్ట్ అసలు వద్దు.

ఈ రోజే మీ ప్రాజెక్ట్‌లో చెక్ చేయండి. సిస్టమ్ టైమ్‌జోన్‌ని ఒకసారి ఇండియాకి, ఒకసారి లాస్ ఏంజెలెస్‌కి మార్చి, అదే ఫారం నింపి, డేటాబేస్‌లో ఏం పడిందో చూడండి. రెండుసార్లూ ఒకే తారీఖు పడితేనే రిలీజ్ చేయండి.